రిపోర్టుతో పాటు రెండు మాటలు చెప్పండి

సంపాదకుల వారికి,

కడుపుతో ఉన్న మా అమ్మాయికి మూడో నెలలో ఎన్‌టీ స్కాన్ చేయించాం. రిపోర్టులో ‘ఎన్‌టీ 3.6 మి.మీ.’ అన్నచోట ఎర్ర పెన్నుతో గీత గీసి చేతికిచ్చారు. ఏమిటని అడిగితే ‘మీ డాక్టరమ్మకి చూపించుకోండి’ అన్నారు. ఆవిడ దొరికింది నాలుగు రోజులకి. అన్ని రోజులూ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

బిడ్డ మెడ వెనక చర్మం కింద చేరే నీటి మందమే ఎన్‌టీ. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే, బిడ్డ పొడవు 45–84 మి.మీ. ఉన్నప్పుడే కొలవాలి. 3.5 దాటితే, బిడ్డ బుద్ధి ఎదుగుదల మందగించే డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ లోపాలకీ, గుండె లోపాలకీ అవకాశం బాగా పెరుగుతుంది. అవకాశమే, తేలిపోయినట్టు కాదు. క్రోమోజోముల సంగతి తేల్చేది మాయ ముక్క గానీ, 15 వారాలు నిండాక ఉమ్మనీరు గానీ తీసి చేసే పరీక్ష. మా అమ్మాయికి అందులో అంతా మామూలుగానే వచ్చింది. గుండె స్కాన్ ఇంకా ఉంది.

మా వీధిలో కొందరు నేరుగా ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌కే వెళ్తున్నారు. అప్పటికి ఈ కొలతకు గడువు దాటిపోతుంది. స్కానింగ్ సెంటర్లలో లింగ నిర్ధారణ చేయబోమన్న బోర్డు ఎలాగూ ఉంటుంది. దాని పక్కనే ఈ గడువు కూడా తెలుగులో రాయించాలి, రిపోర్టు ఇచ్చేటప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడే మనిషిని పెట్టించాలి అని వైద్య ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

— ఒక తల్లి, తెనాలి