నల్లమల చీకటిని కాపాడండి

సంపాదకులకు నమస్కారం.

నేను నల్లమల అడవి అంచున ఉన్న అచ్చంపేటలో భౌతికశాస్త్రం బోధిస్తాను. వేసవి రాత్రుల్లో పిల్లలకు సప్తర్షి మండలం చూపించి, వసిష్ఠుడి పక్కనే ఉన్న అరుంధతిని వెతకమంటాను. కంటిచూపు బాగున్నవాళ్లు వెంటనే కనిపెడతారు. కష్టమంతా ధ్రువనక్షత్రం దగ్గరే. మన అక్షాంశం 16 డిగ్రీలు దాటింది కనుక ఉత్తర దిగంతానికి అంతే ఎత్తులో, అంటే చేయి చాచి పిడికిలితో కొలిస్తే పిడికిలిన్నర ఎత్తులో మాత్రమే అది ఉంటుంది. సరిగ్గా ఆ దిక్కునే హైదరాబాద్ వెలుగు మబ్బులా లేస్తోంది. కెమెరాను స్టాండుకు బిగించి, 30 సెకన్ల చొప్పున వరుసగా తీసిన ఫొటోలను కలిపితే ధ్రువుడి చుట్టూ చుక్కల వలయాలు రావాలి. వాటి కింది భాగం ఆ వెలుగులో కొట్టుకుపోతోంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పింది చీకటి కోసమే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచే పరిశీలించారు. ఇంతటి వారసత్వం ఉన్న ప్రాంతం మనది!

నగరాన్ని ఆర్పమని నేను అడగడం లేదు. మన వీధి దీపాల సంగతి మన చేతుల్లోనే ఉంది. పైకి వెలుగు పోకుండా వాటికి మూతలు పెట్టాలి. కళ్లు చెదిరే తెల్లని కాంతికి బదులు పసుపు ఛాయ దీపాలు వాడాలి. అడవి అంచు గ్రామాల్లో ఇది ముందుగా జరగాలి, నిశాచర జంతువులకూ మేలు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024 జనవరిలో చీకటి ఆకాశ ఉద్యానవనంగా, అంటే రాత్రి ఆకాశపు సహజ చీకటిని కాపాడే చోటుగా, అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. మన నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికీ ఆ గుర్తింపు కోసం అటవీశాఖ దరఖాస్తు చేయాలని కోరుతున్నాను.

– ఒక ఉపాధ్యాయురాలు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా