పైన చల్లింది గీకేస్తే శాకాహారం అయిపోదు: ఒక యాత్రా సంస్థకు ఫిర్యాదు లేఖ

విజయవాడ,
8 డిసెంబరు 2025.

విదేశీ యాత్రల విభాగం మేనేజరు గారికి,

విషయం: నవంబరు జపాన్ యాత్రలో ‘శుద్ధ శాకాహారం’ హామీని నిలబెట్టుకోకపోవడం గురించి.

అయ్యా,

మీ సంస్థ నవంబరులో నడిపిన జపాన్ యాత్రకు మా అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లాను. తిరిగి రాగానే ఫోనులో ఫిర్యాదు చేస్తే మీ కార్యాలయం నుంచి పొడిపొడిగా ఒక జవాబు వచ్చింది. ఆహారపు అలవాట్లు దేశానికో తీరుగా ఉంటాయట, యాత్రికులు సర్దుకుపోవాలట, వచ్చే యాత్రకు రాయితీ ఇస్తారట. జపాన్‌లో జపాన్ వంటలే వండుతారని తెలియనంత అమాయకులం కాము. అక్కడివాళ్ల మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. డబ్బు తీసుకునేటప్పుడు మీరు ఇచ్చిన మాట, తీసుకున్నాక దానికోసం మీరు చేయని పని గురించే ఈ ఉత్తరం.

మా అత్తగారికి డెబ్బై దాటాయి. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. కార్తీకమాసంలో ఊరు దాటడానికే ఇష్టపడని మనిషి. మీ బ్రోషరులో పెద్ద అక్షరాలతో ‘శుద్ధ శాకాహారం, ప్రతి రాత్రీ భారతీయ భోజనం’ అని అచ్చువేశారు. మీ కౌంటరులో కూర్చున్న అమ్మాయి “పెద్దావిడకు ఏ లోటూ రానివ్వం, మాదే పూచీ” అంది. ఆ మాట నమ్మి ఆవిడ బయలుదేరారు. ఆవకాయ, కందిపొడి, అటుకులు సర్దుకుంటూ ఉండగా మీ సూచనల కాగితం వచ్చింది: తినుబండారాలేవీ తేవద్దు, విమానాశ్రయంలో పారేస్తారు అని. మాంసపు పదార్థాలకూ తాజా పండ్లకూ అక్కడ గట్టి ఆంక్షలున్న మాట నిజమే. కానీ మాతో పాటే దిగిన మరో బృందం పూటపూటా కందిపొడి డబ్బా మూత తీసి అన్నంలో కలుపుకుంటుంటే మేము చూస్తూ కూర్చున్నాం.

విమానంలోనే మొదలైంది. మా ఇద్దరికీ ఆమ్లెట్ వచ్చింది. అడిగితే, టికెట్లో భోజనం కోడ్ వి.ఎల్.ఎం.ఎల్. అని ఉందన్నారు. ఆ కోడ్‌లో పాలతో పాటు గుడ్డు కూడా ఉంటుంది. మనలాంటి శాకాహారులకు ఎ.వి.ఎం.ఎల్. అని వేరే కోడ్ ఉంది. రోజూ టికెట్లు కొట్టే సంస్థకు ఈ తేడా తెలియదంటే ఎవరు నమ్ముతారు? సరే, దాన్ని వదిలేస్తాను. టోక్యోలో మొదటి రాత్రి భారతీయ హోటల్లో పళ్లెం దాటిపోయేంత నాన్ పెట్టారు. కూర కాస్త తియ్యగా ఉంది, అంతే. అదే మాకు దొరికిన మొదటి, చివరి భారతీయ భోజనం.

అసలు సంగతి క్యోటోలో బయటపడింది. అది నవంబరు 17, కార్తీక సోమవారం. అత్తగారు పొద్దుటి నుంచి మంచినీళ్లతోనే ఉన్నారు. నవంబరులో క్యోటోలో సాయంత్రం అయిదు కాకముందే పొద్దు గూకుతుంది. ఆ ఒక్క విషయంలో జపాన్ ఆవిడకు మేలే చేసింది. నక్షత్రం చూసి, దణ్ణం పెట్టుకుని, సత్రం భోజనాల గదిలో కూర్చున్నారు. అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు, ఉడికించిన పాలకూర, టోఫు (సోయా పనీరు), బజ్జీల్లాంటి కూరగాయల టెంపురా వడ్డించారు. మీ టూర్ మేనేజరు వచ్చి “అన్నీ వెజ్జే, నిశ్చింతగా తినండి” అని చెప్పి వెళ్లాడు. రోజంతా ఉపవాసం ఉన్న మనిషి సూపు రెండు గిన్నెలు తాగారు.

మర్నాడు ఉదయం పాలకూర మీద గులాబీ రంగు పొరలు కనిపించాయి. అనుమానం వచ్చి సత్రం యజమానురాలిని ఫోనులోని అనువాదం సాయంతో అడిగాను. ఆవిడ దాచకుండా చెప్పింది. అవి కట్సుఓబుషి. ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, చెక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టి, చిత్రిక మీద పొరలు పొరలుగా తీస్తారు. ఆ పొరలను వేడినీళ్లలో నానబెట్టి వడకట్టిన రసమే దాషి. మన ఇళ్లలో చింతపండు రసం ఎలాగో అక్కడి వంటింట్లో దాషి అలాగ. రాత్రి తాగిన సూపు, పాలకూర నానిన రసం, టెంపురా ముంచుకున్న పులుసు, అన్నిటికీ అదే ఆధారం. కంటికి చేప కనబడదు. వాసన కూడా పొగ వాసనలాగే ఉంటుంది. అత్తగారు నా ముఖం చూసి అర్థం చేసుకున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. పళ్లెం పక్కకు జరిపారు.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ యజమానురాలు లోపలికి వెళ్లి మీ సంస్థ పంపిన బుకింగ్ కాగితం తెచ్చి చూపించింది. భోజన సూచనల గడిలో ‘గొడ్డు మాంసం, పంది మాంసం వద్దు’ అని మాత్రమే ఉంది. చేప ప్రస్తావన లేదు, గుడ్డు ప్రస్తావన లేదు, ఉల్లి సంగతి సరేసరి. “ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే సముద్రపు పాచితో, ఎండు పుట్టగొడుగులతో రసం కాచేదాన్ని కదా” అని ఆవిడ నొచ్చుకుంది. చెప్పాల్సింది మీరు, నొచ్చుకున్నది ఆవిడ. ఆ పూట వేడివేడి అన్నం, ఉప్పులో ఊరబెట్టిన ఉమెబోషి పండ్లు తెచ్చిపెట్టింది. ఆ పుల్లటి ఉప్పటి పండు అత్తగారికి నచ్చింది కూడా. చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాక ఆవిడ చేత్తో కలుపుకుంటుంటే, మీ టూర్ మేనేజరు అందరిముందూ “ఇక్కడ చేత్తో తినకూడదు మేడమ్, పరువు పోతుంది” అన్నాడు. యజమానురాలు మాత్రం ఆవిడ చేతికి తడి తువాలు అందించి నవ్వింది. అన్నం ముద్దలను వాళ్లూ చేత్తోనే తింటారని మీ మనిషికి తెలియదేమో.

అదే రోజు మధ్యాహ్నం అరాషియామా వెదురు తోపు చూపించారు. ఆ తోపును ఆనుకునే తెన్‌ర్యూజి అనే జెన్ ఆలయం ఉంది. దాని ఆవరణలోనే షోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ సన్యాసుల భోజనం వడ్డిస్తారు. అందులో మాంసం, చేప ఉండవు. ఉల్లి, వెల్లుల్లి సంప్రదాయంగా నిషిద్ధం. మా అత్తగారి మడి ఏమిటో ఆ సన్యాసులకు మనం వివరించి చెప్పనక్కరలేదు. ఆ ఆలయం గోడ పక్కనుంచే మమ్మల్ని నడిపించుకుంటూ తీసుకెళ్లి, చేప రసంలో తేలే సోబా నూడుల్స్ దుకాణంలో కూర్చోబెట్టారు. మర్నాడు దిగిన ఒసాకా నుంచి రైలులో వెళ్లగలిగే దూరంలో కోయాసాన్ కొండ ఉంది. దాని మీద యాత్రికులకు బసతో పాటు ఈ భోజనమే పెట్టే ఆలయాలు యాభై దాకా ఉన్నాయి. శాకాహారం దొరకని దేశంలో మీరు చిక్కుకుపోలేదు. వెతకలేదు, అంతే.

సంగతి తెలిశాక కూడా ఒసాకాలో జరిగింది చూడండి. ఒకోనోమియాకి అనే క్యాబేజీ అట్టు ఇనుప పెనం మీద తెచ్చి పెట్టారు. పైన అవే చేప పొరలు, ఆవిరి తగిలి అటూ ఇటూ ఊగుతున్నాయి. అత్తగారు భయపడి “ఇవి కదులుతున్నాయేమిటమ్మా?” అన్నారు. మీ టూర్ మేనేజరు చాప్‌స్టిక్స్‌తో ఆ పొరలన్నీ పక్కకు గీకేసి, “ఇప్పుడు వెజ్ అయిపోయింది, తినేయండి” అన్నాడు. పిండి కలిపిందే దాషితో, అందులో గుడ్డు కూడా ఉందని వంటవాడే చెబుతున్నా వినిపించుకోలేదు. ఇది మతిమరుపు కాదు, నిర్లక్ష్యం అని నేను అనడానికి ఈ ఒక్క దృశ్యం చాలు.

దుకాణాల్లో ఏదైనా కొనుక్కుందామా అంటే, మన పొట్లాల మీద ఉండే ఆకుపచ్చ చుక్కలాంటిది అక్కడ లేదు. గుడ్డు, పాలు, రొయ్య, పీత వంటివి పడనివాళ్ల కోసం విడిగా చెప్పడం తప్పనిసరి. దాషిలోని చేప ఆ తప్పనిసరి జాబితాలో లేదు. మిగతా వివరమంతా జపనీస్ లిపిలో ఉంటుంది. చివరి రోజులు అరటిపళ్లతో, ఉప్పు అన్నంతో గడిచాయి.

హకోనెలో వేడినీటి బుగ్గ స్నానం గురించి కూడా చెప్పాలి. ‘అందరికీ ఒన్సెన్ అనుభవం, ఈత దుస్తులు తెచ్చుకోండి’ అని మీ కాగితంలో ఉంది. సత్రాల్లోని ఆ ఉమ్మడి స్నానానికి ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి, ఈత దుస్తులను ఒప్పుకోరు. ఆడవాళ్లకు విడిగానే ఉంటుంది, అయినా అత్తాకోడళ్లం ఆ గది గుమ్మంలో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. పైగా అత్తగారి ముంజేతి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న తులసికోట పచ్చబొట్టు ఉంది. పచ్చబొట్టు ఉన్నవాళ్లకు ప్రవేశం లేదని బోర్డు. ఎడో కాలంలో (17–19 శతాబ్దాల్లో) నేరస్తులకు పచ్చబొట్టు శిక్షగా పొడిచేవారు, తర్వాత అది ముఠాల గుర్తు అయింది. వాళ్ల నియమానికి వాళ్ల కారణాలున్నాయి. “నేనేమన్నా దొంగతనం చేశానా?” అని ఆవిడ అడిగితే మాత్రం జవాబు చెప్పుకోవలసింది నేనే అయింది. గంటకింత అని డబ్బు కట్టి తలుపు వేసుకునే చిన్న స్నానపు గదులు ఆ సత్రంలోనే ఉన్నాయి. ఈ సంగతి వెళ్లేరోజు ఉదయం లెక్కల బల్ల దగ్గర తెలిసింది. మీ మనిషికి ముందే తెలుసు. అదనపు ఖర్చు అని చెప్పలేదట.

కాబట్టి రాయితీ కూపన్ మాకు వద్దు. ఒకటి, టోక్యో తర్వాతి భోజనాలకూ ఒన్సెన్‌కూ మా ఇద్దరి నుంచి తీసుకున్న మొత్తం తిరిగి ఇవ్వండి. రెండు, కార్తీక సోమవారం నాడు జరిగిన దానికి మా అత్తగారి పేరున, తెలుగులో, సంస్థ తరఫున క్షమాపణ రాయండి. ఆవిడ అడగలేదు, నేను అడుగుతున్నాను. మూడు, వెళ్లిన ప్రతిచోటా దాషి గురించి, గుడ్డు గురించి లిఖితపూర్వకంగా ముందే మాట్లాడుకునేదాకా ‘శుద్ధ శాకాహారం’ అనే మాటను బ్రోషరు నుంచి తొలగించండి.

బుకింగ్ కాగితం, బ్రోషరు పేజీ, విమానం టికెట్ల ఫోటోలు జతచేశాను. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో లిఖితపూర్వక సమాధానం రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపం, తప్పుదారి పట్టించే ప్రకటన అనే రెండు కారణాలతో జిల్లా కమిషన్‌కు వెళతాను. మీ కార్యాలయం హైదరాబాదులో ఉన్నా, నేను నివసించే ఊళ్లోనే ఫిర్యాదు వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది. అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు.

ఇట్లు,
మీ జపాన్ యాత్రికురాలు
(పేరు, బుకింగ్ సంఖ్య కవరు మీద రాశాను)