ఖాళీ చేయించాం, ఇప్పుడతను ఏ వీధిలో ఉన్నాడు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వేసవిలో మా వీధికి ఒకతను వచ్చాడు. పోక్సో కేసులో శిక్ష పూర్తి చేసుకుని, అద్దెకుంటున్న తల్లి దగ్గరకు చేరాడు. సంగతి పొక్కిన వారానికే అందరం పట్టుబట్టి ఇల్లు ఖాళీ చేయించాం. ఆ ముసలావిడ గ్యాస్ సిలిండర్‌ను కాళ్ల మధ్య పెట్టుకుని ఆటోలో కూర్చుంది. మా వైపు ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. నాకూ ఏడేళ్ల మనవరాలుంది. ఆ రాత్రి నిశ్చింతగానే పడుకున్నాను. తెల్లారాక మాత్రం ఒకటే టెన్షన్: ఇప్పుడతను ఏ వీధిలో ఉన్నాడు? అక్కడి తల్లులకు తెలుసా?

2018లో కేంద్రం లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ పెట్టింది. అది పోలీసులు చూసుకోవడానికి. అతను పనికి వెళ్తున్నాడా, మళ్లీ తాగుతున్నాడా, స్కూలు గేటు దగ్గర తచ్చాడుతున్నాడా అన్నది రోజూ పలకరించే మనిషికే తెలుస్తుంది.

కెనడాలోని హామిల్టన్‌లో 1994లో ఒక పాస్టర్, ఆయన చర్చివాళ్లు కలిసి ఆ పని మొదలుపెట్టారు. విడుదలైన మనిషికి నలుగురైదుగురు వాలంటీర్లు. ఒకప్పటి మన వార్డు వాలంటీర్లలా గౌరవ వేతనం మీద వచ్చేవాళ్లు కాదు, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు. అతను చేసిన నేరం ఏమిటో వాళ్లకు ముందే తెలుసు. వారం వారం కూర్చుంటారు. ఇల్లు, పని వెతకడంలో సాయపడతారు, తేడా కనిపిస్తే మొహం మీదే నిలదీస్తారు. అమెరికాలోని మిన్నెసోటా జైళ్ల శాఖ దీన్ని పరీక్షించింది. లాటరీ పద్ధతిలో 50 మందికి ఈ తోడు ఇచ్చి, 50 మందికి ఇవ్వకుండా చూశారు. మళ్లీ లైంగిక నేరంలో అరెస్టైనవాళ్లు తోడు ఉన్నవాళ్లలో ఒక్కరు, లేనివాళ్లలో ఏడుగురు. పెట్టిన ప్రతి డాలరుకూ 3.73 డాలర్ల మేలు జరిగిందని 2018లో లెక్క తేల్చారు. వంద మంది లెక్క చూసి పొంగిపోనక్కర్లేదు. కానీ కొట్టిపారేయడానికీ లేదు.

ఇది ఊరికే రాదు. వాలంటీర్ల పూర్వాపరాలు విచారించాలి, శిక్షణ ఇవ్వాలి, జీతమిచ్చి కోఆర్డినేటర్‌ను పెట్టుకోవాలి. వినకూడనివి విని వాళ్లకు నిద్ర పట్టకపోతే వాళ్ల బాగోగులూ ఎవరో చూడాలి. అంతకంటే పెద్ద మాట బాధితుల ఇంటి నుంచి వస్తుంది: "వాడికి తోడు నలుగురా? మా పాపకెవరున్నారు?" ఆ తల్లి అడిగేది న్యాయం. బాధితుల పరిహారం, కౌన్సెలింగ్ సొమ్ములోంచి దీనికి ఒక్క రూపాయి కూడా మళ్లించకూడదు. పైగా మన దగ్గర చాలా కేసుల్లో నిందితుడు ఆ పిల్లకు తెలిసినవాడే, ఒక్కోసారి ఆ ఇంటివాడే. అతను తిరిగి ఆ గడప తొక్కకుండా చూడటమే వాలంటీర్ల మొదటి పని కావాలి.

మన సెంట్రల్ జైలు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ, ఆంధ్రా యూనివర్సిటీ సోషల్ వర్క్ విభాగం కలిసి, విడుదలయ్యేవాళ్లలో ఒప్పుకున్న పదిమందితో దీన్ని మొదలుపెట్టి చూడాలని కోరుతున్నాను. శిక్షణ ఇస్తే వారానికో సాయంత్రం వచ్చి కూర్చోవడానికి నేను సిద్ధం.

— ఒక రిటైర్డ్ టీచర్, ఆరిలోవ, విశాఖపట్నం