నారుమడి కాదు, గ్రౌండే! సాయం పట్టిన అందరికీ దండాలు

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం సాయంత్రం మా ఊరి చెరువు కట్ట కింద మొదటిసారి వాలీబాల్ నెట్ కట్టాం. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వైపు వచ్చి మా ఊరు చూసినవాళ్ళకి ఆ స్థలం గుర్తుండే ఉంటుంది. మొన్నటిదాకా అక్కడ ఉన్నది సర్కారు కంప, ఖాళీ సీసాలు. ఎదురుగా నిలబడి థాంక్స్ చెప్పాలంటే నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని చాలామంది అన్నారు కాబట్టి పెట్టడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్ళకి తెలుస్తుంది.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. పోయినేడాది ఎండాకాలం కుర్రాళ్ళమంతా కలిసి కంప కొట్టి, నల్లరేగడి మీద నేరుగా ఎర్రమట్టి తోలించి, గ్రౌండ్ అయిపోయిందని ఫొటోలు కూడా దిగాం. మనది పత్తి, మిరప పండే నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పుట్టినప్పటినుంచి చూస్తున్నదే, అయినా బుర్రకెక్కలేదు. రెండు గట్టి వానలకే ఎర్రమట్టి మొత్తం కిందికి దిగిపోయింది. అడుగేస్తే చెప్పు ఊడి అక్కడే ఉండిపోయేది. "గ్రౌండా, నారుమడా?" అని రామాలయం అరుగు మీద ఒకటే నవ్వులు. ఆ నవ్వినవాళ్ళలో తాపీమేస్త్రీ మామయ్యా ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని వచ్చిందీ ఆయనే.

ఆయన చెప్పినట్టే ఈసారి పైమట్టి అడుగు లోతు తీసేసి చెరువు కట్టకి పోశాం. కింద గ్రావెల్ పరిచి, తడిపి, తొక్కించి, ఆ పైన నాలుగంగుళాల ఎర్రమట్టి వేశాం. నీళ్ళ పైపుతో లెవెల్ పట్టి, నీరు నిలవకుండా కాలవ వైపుకి కాస్త వాలు పెట్టాడు. రోడ్డు పనికొచ్చిన రోలర్ డ్రైవరన్న తన ఆదివారం మాకిచ్చాడు. డీజిల్ ఒక్కటే మాది, పైగా భోజనానికి కూడా మొహమాటపడ్డాడు. మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ట్రాక్టర్లు పంపిన బాబాయిలకు ఏం చెప్పాలి? ఆ టైంలో ట్రాక్టర్ ఇవ్వడమంటే ఏమిటో కల్లంలో కాయలు పోసినవాళ్ళకే తెలుస్తుంది.

ఎర్రమట్టిలో గులకరాళ్ళుంటే కబడ్డీలో మోకాళ్ళు చీరుకుపోతాయని, డ్వాక్రా అక్కలు ఇసుక జల్లెడలు తెచ్చి రెండు రోజులు మట్టి జల్లించారు. వచ్చిన రాళ్ళు కుప్ప పోస్తే నా నడుమెత్తు అయింది.

కోర్టు గీసినప్పటి ముచ్చట ఒకటి. వాలీబాల్‌కి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. టేపు పెడితే నాలుగు వైపులా సరిపోయింది, మేం ముగ్గు పోసేయబోయాం. మామయ్య ఆపి, మూల నుంచి మూలకి కొలవమన్నాడు. ఒకటి జానెడు ఎక్కువ! తొమ్మిదో తరగతి పిల్ల ఒకమ్మాయి పుల్లతో నేల మీదే పైథాగరస్ వేసి, రెండు వైపులా 20.12 మీటర్లు రావాలని తేల్చింది. మేకులు పీకి మళ్ళీ కొట్టాం, చీకటి పడింది.

కబడ్డీ దగ్గర మాకు ఇంకో మొట్టికాయ పడింది. 13 బై 10 మీటర్ల కోర్టు గీసి మురిసిపోతుంటే హైస్కూల్ పీఈటీ మేడమ్ వచ్చి, "మా ఆడపిల్లల కొలతలు వేరు కదా, వాళ్ళు ఎక్కడ ఆడాలి?" అనడిగారు. వాళ్ళది 12 బై 8. నిజం చెప్పాలంటే మాకు ఆ ఆలోచనే రాలేదు. పక్కనే రెండో కోర్టు ఆవిడే దగ్గరుండి గీయించారు.

అన్నిటికంటే పెద్ద దండం పిడకల మామ్మకి. ఆ స్థలం మూలన ఏళ్ళ తరబడి మామ్మ పిడకలు కొట్టుకునేది, పక్కనే పత్తికట్టె మోపులు. పంచాయతీ స్థలమే గానీ, తియ్యమని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఒకరినొకరు తోసుకుంటూ వెళ్తే, "ఆ గోడ అవతల నీడ తక్కువ, పిడకలు తొందరగా ఎండుతాయిలే. మోపులు మాత్రం మీరే మొయ్యండి" అంది. మోశాం. ఆ అవతల నీడే ఎక్కువని మోసేటప్పుడు తెలిసింది. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

హైదరాబాద్, బెంగళూరు నుంచి ఫోన్‌పే చేసిన తమ్ముళ్ళందరికీ థాంక్స్. పైసాతో సహా లెక్క రామాలయం గోడకి అంటించాం, చూసుకోండి.

ఇంకో మాట. రెండు గునపాలు, ఒక పార, నీలం గుడ్డ చుట్టిన పిడి ఉన్న పలుగు ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఎవరివో వచ్చి పట్టుకెళ్ళండి. మా అమ్మ రోజూ తిడుతోంది.