వార్షిక నివేదిక: వీడియో క్యాప్చర్ డ్రైవర్లలో బఫర్ల లెక్క

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం కెర్నెల్ బృందం ఒక్క విషయాన్నే పట్టుకుని కూర్చుంది. లినక్స్ వీడియో క్యాప్చర్ డ్రైవర్లో (కెమెరా లాంటి పరికరాన్ని నడిపే కెర్నెల్ కోడ్‌లో) ఒక బఫర్ (ఒక ఫ్రేము, అంటే ఒక బొమ్మ, పట్టే మెమరీ ముక్క) ఏ క్షణాన ఎవరి చేతిలో ఉంది, అది వెనక్కి ఎప్పుడు రావాలి అన్నదే ఆ విషయం. అప్పు ఖాతాలాంటిదే ఇదీ. తీసుకున్న ప్రతి బఫరూ తిరిగి జమ కావాలి.

ముందుగా ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో దొరికే పాత ఉదాహరణల్లో చాలావాటిలో ఇంకా పాత వీడియోబఫ్ (బఫర్లను నిర్వహించే కెర్నెల్ లైబ్రరీ) కోడే ఉంది. దాని స్థానంలో వీడియోబఫ్2 (వీబీ2) 2011లో, 2.6.39 కెర్నెల్‌తోనే వచ్చేసింది. కొత్తగా మొదలుపెట్టేవారు కెర్నెల్ సోర్సులో శాంపుల్స్ కింద ఉన్న వీ4ఎల్2-పీసీఐ-స్కెలిటన్ (లినక్స్ వీడియో వ్యవస్థ వీ4ఎల్2కు నమూనా డ్రైవర్) ఫైలు ముందు పెట్టుకోండి. అంతకు మించిన పాఠం లేదు.

సైజు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. వైయూవైవీ అనే పిక్సెల్ ఫార్మాట్లో పిక్సెల్‌కు 2 బైట్లు. 1920×1080 ఫ్రేముకు 41,47,200 బైట్లు, అంటే 4096 బైట్ల పేజీలు 1013 కావాలి. ఇంతవరకు తేలికే. 720×576 తీసుకుందాం. వరుసకు 1440 బైట్లు. హార్డ్‌వేర్ ప్రతి వరుసనూ 64 బైట్ల హద్దున మొదలుపెట్టేదైతే వరుస 1472 బైట్లవుతుంది, ఫ్రేము 8,47,872 బైట్లు, అంటే సరిగ్గా 207 పేజీలు. డ్రైవర్ మాత్రం 1440నే 576తో గుణించి 203 పేజీలు అడిగిందనుకోండి. ఐఓఎంఎంయూ (పరికరాలు తమది కాని మెమరీని తాకకుండా ఆపే భాగం) లేని బోర్డులో డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా పరికరమే మెమరీలో రాయడం) మిగతా 4 పేజీలనూ పక్కవాడి మెమరీలో రాసేస్తుంది. బొమ్మ చక్కగానే కనిపిస్తుంది, కాసేపటికి సంబంధం లేని మరో డ్రైవర్ కూలుతుంది. అందుకే, వీబీ2 పిలిచే డ్రైవర్ ఫంక్షన్లయిన క్యూ_సెటప్‌లో ఇచ్చే సైజు, బఫ్_ప్రిపేర్‌లో సరిచూసే సైజు రెండూ ఫార్మాట్‌లోని సైజ్‌ఇమేజ్ (మొత్తం ఫ్రేముకు కావలసిన బైట్లు) నుంచే రావాలి. బఫర్లు కేటాయించాక ఫార్మాట్ మార్చమని అడిగితే వీబీ2_ఈజ్_బిజీ చూసి ఈబిజీ (పనిలో ఉంది అనే ఎర్రర్) అని తిప్పి పంపాలి.

మెమరీ రకం ఎంపికలో ఊహలు వద్దు. పరికరం ముక్కముక్కల చిరునామాల జాబితా తీసుకోగలిగితే డీఎంఏ-ఎస్‌జీ, ఒకే చిరునామా రిజిస్టర్ ఉంటే డీఎంఏ-కాంటిగ్, యూఎస్‌బీ కెమెరాల్లా సీపీయూయే కాపీ చేస్తుంటే వీమల్లాక్. కాంటిగ్ వాడేవారికి బూటయిన వెంటనే అంతా బాగుండి, గంటల తర్వాత రెక్‌బఫ్స్ (బఫర్లు అడిగే పిలుపు) ఈనోమెమ్ (మెమరీ లేదు అనే ఎర్రర్) ఇస్తే, మెమరీ ముక్కలైపోయి వరుస పేజీలు దొరకడం లేదని అర్థం. బూట్ లైనులో సీఎంఏ=64ఎం (వరుస మెమరీని ముందే పక్కన పెట్టే ఆప్షన్) లాంటి కేటాయింపు పెంచి చూడాలి.

ఇక ఇంటరప్ట్ (ఫ్రేము పూర్తయిందని హార్డ్‌వేర్ సీపీయూకు ఇచ్చే సంకేతం) దగ్గర జరిగేది. స్ట్రీమ్ నడుస్తుండగా యాప్ క్యూబఫ్ (బఫర్‌ను డ్రైవర్‌కు ఇచ్చే పిలుపు) పిలిచినప్పుడు వీబీ2 బఫ్_క్యూ ద్వారా బఫర్‌ను మనకు అప్పగిస్తుంది, మనం జాబితాలో పెడతాం. అదే జాబితాను ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా తాకుతుంది కాబట్టి స్పిన్‌లాక్ (ఒకేసారి ఒకరే తాకేలా చూసే తాళం) ఇంటరప్టులు ఆపి తీసుకోవాలి. ఫ్రేము పూర్తయ్యాక జాబితాలో తర్వాతి బఫర్ లేకపోతే, ఉన్న ఒక్కదాన్నీ యాప్‌కు ఇచ్చేయకూడదు. హార్డ్‌వేర్‌ను మళ్లీ అందులోనే రాయనివ్వాలి, సీక్వెన్స్ సంఖ్యను మాత్రం పెంచాలి. అప్పుడే ఎన్ని ఫ్రేములు జారాయో యాప్‌కు తెలుస్తుంది. షాడో రిజిస్టర్ ఉన్న చిప్పుల్లో మరో మెలిక ఉంది. ఇప్పుడు రాసిన చిరునామా తర్వాతి ఫ్రేముకే అమలవుతుంది. ఇది మరచి ఒక ఫ్రేము ముందే బఫర్ ఇచ్చేస్తే బొమ్మ పైసగం కొత్త ఫ్రేము, కింది సగం పాతది అవుతుంది. ఇలాంటి చిప్పులకు మిన్_క్యూడ్_బఫర్స్ (స్ట్రీమ్ మొదలవడానికి ముందు క్యూలో ఉండాల్సిన బఫర్ల సంఖ్య) కనీసం 2 పెట్టండి (6.8 కెర్నెల్‌కు ముందు దీని పేరు మిన్_బఫర్స్_నీడెడ్). యాప్ వైపు 4 బఫర్లు అడగడం మంచిది.

అసలు చిక్కంతా ఆపే దారిలోనే. స్టాప్_స్ట్రీమింగ్‌లో ముందు డీఎంఏ ఆపాలి, అది నిజంగా ఆగిందని రిజిస్టర్ చదివి నిర్ధారించుకోవాలి, ఆ తర్వాతే బఫర్లన్నీ ఎర్రర్ స్థితితో వీబీ2_బఫర్_డన్‌కు అప్పగించాలి. ఈ వరుస తారుమారైతే విడుదలైపోయిన మెమరీలో హార్డ్‌వేర్ రాస్తూనే ఉంటుంది. జాబితా ఖాళీ చేశాం కదా అనుకునేవారు మరచేది ఒకటే, హార్డ్‌వేర్ చేతిలో ఉన్న ప్రస్తుత బఫర్. అది జాబితాలో ఉండదు, విడిగా ఒక పాయింటర్లో ఉంటుంది. స్టార్ట్_స్ట్రీమింగ్ విఫలమైనప్పుడు కూడా అన్నీ తిరిగి ఇవ్వాలి, కాకపోతే ఎర్రర్‌గా కాదు, క్యూడ్ స్థితితో. ఇవ్వకపోతే కెర్నెల్ లాగ్‌లో వీబీ2 హెచ్చరిక పడుతుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి.

క్యాష్ (సీపీయూ దగ్గరి తాత్కాలిక మెమరీ) సంగతి కూడా కొంత పరిశీలించాం. ఆర్మ్ బోర్డుల్లో డ్రైవర్ సొంతంగా డీఎంఏకు మ్యాప్ చేసుకున్న మెమరీకి సింక్ పిలుపు (క్యాష్‌లోదీ మెమరీలోదీ ఒకటయ్యేలా చేసేది) తప్పితే బొమ్మ మీద చిన్న అడ్డగీతలు వస్తాయి. గీత పొడవు కొలవండి. 64 బైట్ల క్యాష్ లైను అంటే వైయూవైవీలో 32 పిక్సెళ్లు. గీతలన్నీ 32 పిక్సెళ్లవో, దాని గుణిజాలో అయితే కేబుల్‌నో సెన్సర్‌నో మార్చి లాభం లేదు.

పరీక్షలకు హార్డ్‌వేర్ లేని సభ్యులు వివిడ్ (ఉత్తుత్తి కెమెరాను సృష్టించే) మాడ్యూల్ లోడ్ చేసుకుంటే సరిపోతుంది. డ్రైవర్‌ను పరీక్షించే వీ4ఎల్2-కంప్లయన్స్‌ను -ఎస్ ఆప్షన్‌తో నడిపితే స్ట్రీమింగ్ పరీక్షలు కూడా జరుగుతాయి. కాన్ఫిగ్‌లో వీడియో_అడ్వ్_డీబగ్ ఆన్ చేస్తే వీబీ2 ప్రతి పిలుపునూ లెక్కపెట్టి, జత కుదరనివి చెబుతుంది. వీటితో పాటు స్ట్రీమ్ మధ్యలో కంట్రోల్-సీ, కిల్ -9, కేబుల్ పీకడం, ఈ మూడూ చేతితో చేసి చూడండి.

వచ్చే ఏడాది డీఎంఏబఫ్ (బఫర్‌ను డ్రైవర్ల మధ్య పంచుకునే పద్ధతి) తీసుకుంటున్నాం. క్యాప్చర్ బఫర్‌ను ఎక్స్‌పీబఫ్ (EXPBUF) పిలుపుతో బయటికిచ్చి, కాపీ లేకుండా డిస్‌ప్లేకు చేర్చడం మొదటి పాఠం. దానికి వచ్చేవారు స్కెలిటన్ డ్రైవర్‌లోని ఆపే దారిని ఒకసారి చదివి రావాలని కోరుతున్నాం.