సీనియర్ ఫొటోల ధరలు ముందే చెప్పించండి: స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం. పదకొండో తరగతి ముగిసి బడులకు వేసవి సెలవులిచ్చిన కొద్ది రోజులకే, డాలస్ ఉత్తర శివార్లలోని మా ఇళ్లకు ఒక రంగుల కార్డు వస్తుంది. రాబోయే విద్యా సంవత్సరంలో సీనియర్లు, అంటే పన్నెండో తరగతివాళ్లు, కాబోతున్న పిల్లలు ఫలానా తేదీన, ఫలానా స్టూడియోలో ఫొటో దిగాలని, ఇయర్‌బుక్‌లో (ఏటా విద్యార్థుల ఫొటోలతో బడి వేసే పుస్తకంలో) వేసేది అక్కడ తీసిన ఫొటో మాత్రమేనని అందులో ఉంటుంది. సెషన్‌కు ఎంత కట్టాలో ఉంటుంది గానీ, ఫొటో దిగిన తర్వాత ప్రింట్లకు, డిజిటల్ ఫైళ్లకు ఎంతవుతుందో మాత్రం ఎక్కడా ఉండదు. ఆ చెప్పని ధర గురించే ఈ లేఖ. దీని ఇంగ్లీషు ప్రతిని ఇప్పటికే మీ కార్యాలయానికి పంపాను. తెలుగులో కూడా ప్రచురిస్తున్నది ఎందుకంటే, ఆ కార్డు అందుకునే ఇళ్లలో తెలుగిళ్లు తక్కువేమీ కావు, వాటిలో చాలామంది తల్లిదండ్రులకు సీనియర్ ఫొటో అనే ఆచారమే కొత్త.

నేను ఎవరినో ముందే చెప్పడం మర్యాద. మా అమ్మాయి ఈ ఏడాది పన్నెండో తరగతి చదువుతోంది. ఉద్యోగం కాక, వారాంతాల్లో నేను హాఫ్ శారీ ఫంక్షన్లకు, గ్రాడ్యుయేషన్లకు ఫొటోలు తీస్తుంటాను. మార్చి నెలాఖరులో బ్లూబానెట్ పూలు విచ్చుకున్నాయంటే చాలు, గ్రాడ్యుయేషన్ టోపీ, గౌనుతో ఆ పూల మధ్య కూర్చోబెట్టి ఫొటోలు తీయమని అడిగే కుటుంబాలతో నా శనివారాలు నిండిపోతాయి. కాబట్టి ఇది పోటీదారు రాసిన లేఖ అని స్టూడియోవారు అనవచ్చు. అననివ్వండి, మీరు మాత్రం లెక్కలు చూసి తేల్చండి.

ఫొటోకు తగిన ధర అడగడం తప్పని నేను అనడం లేదు. ఒక 8×10 అంగుళాల ప్రింటుకు ల్యాబు నా దగ్గర తీసుకునేది మూడు నాలుగు డాలర్లే అయినా, దాన్ని అదే ధరకు ఇస్తే నేను రెండో నెలకే కెమెరా అమ్ముకోవాలి. నా సెషన్ ధర 250 డాలర్లు. గంటన్నర షూటింగ్, రానుపోను ప్రయాణం, తీసిన మూడు వందల ఫొటోల్లోంచి పాతికను ఏరడం, ఆ పాతికకూ రంగులు సరిచేసి మొటిమలూ చెదిరిన వెంట్రుకలూ తుడవడం, ఇవన్నీ కలిపితే ఒక పూర్తి రోజు పని అవుతుంది. అందులోంచి లెన్సుల తరుగుదల, బీమా పోవాలి. మిగిలిన లాభం మీద ఆదాయపు పన్ను కాక 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను కట్టాలి. టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్, రాష్ట్రానికి 6.25, స్థానిక సంస్థలకు గరిష్ఠంగా 2 కలిపి 8.25 శాతం దాకా ఉంటుంది. ప్రింట్లకే కాదు, ఫొటోల అమ్మకంలో భాగమైన సెషన్ ఫీజుకూ అది పడుతుంది, డిజిటల్‌గా ఇచ్చినా తప్పదు. స్వతంత్ర ఫొటోగ్రాఫర్ల ధరలు ఎక్కువనిపించడానికి కారణాలు ఇవి. అయితే మా దగ్గరికి వచ్చే కుటుంబం బుక్ చేసుకోవడానికి ముందే ధరల పట్టిక మొత్తం చూస్తుంది, నచ్చకపోతే పక్క ఫొటోగ్రాఫర్ దగ్గరికి వెళుతుంది.

మీరు కాంట్రాక్టు ఇచ్చిన స్టూడియో పద్ధతి వేరు. ఒకే హాలులో ఒకే రకం లైట్ల కింద రోజుకు పదుల కొద్దీ పిల్లలను కూర్చోబెట్టి తీసే పెద్ద సంఖ్యల వ్యాపారంలో సెషన్ ఫీజు నామమాత్రంగా ఉంటుంది. రాబడి అంతా తర్వాత అమ్మే ప్యాకేజీల్లోంచి వస్తుంది. మా అమ్మాయి వంతు వచ్చినప్పుడు ముందు నల్లటి డ్రేప్ భుజాల మీద కప్పి ఇయర్‌బుక్ ఫొటో తీశారు, పక్కన అబ్బాయిలకు టక్సీడో ముందు భాగం మాత్రం తొడిగి బో కట్టారు. తర్వాత టోపీ, గౌనుతో రెండు ఫొటోలు, ఇంటి నుంచి తీసుకెళ్లిన పట్టు లంగా ఓణీతో మరి నాలుగు. ఆ లంగా ఓణీ ‘అదనపు దుస్తుల’ కిందికి వస్తుందట, దానికి వేరే రుసుము. మొత్తం పావుగంటలో అయిపోయింది. పని బాగా చేశారు, పిల్లలతో మర్యాదగా ఉన్నారు. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

రెండు వారాల తర్వాత, ముఖం మీదుగా వాటర్‌మార్క్ వేసిన నమూనా ఫొటోలతో లింకు వచ్చింది. ధరలు మొదటిసారి కనిపించింది అక్కడే. అన్నిటికంటే చిన్న ప్యాకేజీ 180 డాలర్లకు దగ్గరగా ఉంది, అందులో రెండు 8×10లు, నాలుగు 5×7లు, పర్సులో పట్టే వాలెట్ సైజు ఫొటోలు 16. చూడగానే ఇరవై రెండు ఫొటోలు అనిపిస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలిసిన లెక్క ఏమిటంటే, 8×10 కాగితం ఒకటి తీసుకుని సగానికి కోస్తే రెండు 5×7లు, ఎనిమిదిగా కోస్తే ఎనిమిది వాలెట్లు. అంటే ఆ ప్యాకేజీ మొత్తం ఆరు షీట్లు. వెనుక సంతకం చేసి స్నేహితులకు వాలెట్ ఫొటో ఇచ్చే అలవాటు ఒకప్పుడు ఉండేది, ఇప్పటి పిల్లలు దాన్ని ఫోనులోనే కానిచ్చేస్తున్నారు. అయినా వాలెట్లు ప్యాకేజీలో మిగిలిపోవడానికి కారణం, కాగితం పెరగకుండానే సంఖ్య పెరగడం. మొటిమలు తుడవడానికి వేరే రుసుము. పిల్లలు నిజంగా కోరుకునే డిజిటల్ ఫైళ్లు అన్నిటికంటే ఖరీదైన ప్యాకేజీలోనే ఉన్నాయి. మూడు ప్యాకేజీలు పెట్టినప్పుడు పైదాన్ని పెట్టేది అమ్మడం కోసం కాదు, మధ్యది సబబుగా కనిపించడం కోసం. ధరల శిక్షణ తరగతుల్లో మాకు నేర్పేదే ఇది, నేనూ పాటిస్తాను. అది చట్టవిరుద్ధం కాదు. కానీ వేరే దుకాణానికి వెళ్లే వీలున్న కొనుగోలుదారు ముందు వేసే ఎత్తు ఒకటి, ఇయర్‌బుక్ పేరు చెప్పి మీరు పంపించిన కుటుంబం ముందు వేసే ఎత్తు మరొకటి.

తెలుగువారికి వింతగా తోచేది ఇంకొకటి ఉంది. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. అందుకే మన ఊళ్లలో పెళ్లి ఆల్బంలోని ఫొటోను ఏ ల్యాబులో మళ్లీ ప్రింటు వేయించుకున్నా అడిగేవారుండరు. 1978 జనవరి 1 నుంచి అమలవుతున్న అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం మాత్రం, స్వతంత్ర ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో మీద హక్కు ఫొటోగ్రాఫర్‌దే, స్టూడియో ఉద్యోగి తీస్తే స్టూడియోదే. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప డబ్బు కట్టిన తల్లిదండ్రులకు రాదు. ఈ తేడా తెలియక, కొన్న ఒక్క ప్రింటును స్కాన్ చేసి, గుంటూరులో ఉన్న అమ్మమ్మకు పంపడానికి మందుల దుకాణంలోని ఫొటో కౌంటరుకు వెళితే, స్టూడియో అనుమతి పత్రం ఉందా అని అడుగుతారు. కాబట్టి ప్యాకేజీ ధరను మొదటి ప్రింటు ధరగా కాక, ఆ తర్వాత ఎప్పుడు ప్రింటు కావాలన్నా మళ్లీ అక్కడికే వెళ్లాల్సిన ధరగా చూడాలి. ఆ ముక్క కార్డు మీద ఒక్క వాక్యంలో చెప్పవచ్చు, చెప్పలేదు.

ఇక గడువుల సంగతి. కార్డు మీద ఒకే పెట్టెలో రెండు తేదీలున్నాయి. ఇయర్‌బుక్ పేజీలు ప్రింటుకు వెళ్లాలి కాబట్టి భంగిమ ఎంచుకోవడానికి పెట్టినది నిజమైన గడువు. ప్యాకేజీ ఆర్డరుకు పెట్టిన గడువు స్టూడియోవారు తమ అమ్మకాల కోసం పెట్టుకున్నది. అది దాటితే పడేది ఆలస్య రుసుమే తప్ప, పిల్లల ఫొటో ఇయర్‌బుక్‌లోంచి పోదు. ఈ రెంటినీ కలిపి అచ్చువేయడంతో, ఏమీ కొనకపోతే అమ్మాయి పేరు కింద ఖాళీ గడి మిగులుతుందని భయపడి ఆర్డరు పెట్టిన తల్లులను నేను ఎరుగుదును.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మీకు సంబంధించినది. స్కూలు ఫొటోల వ్యాపారం చిన్నదేమీ కాదు. ఈ రంగంలో అతి పెద్ద సంస్థల్లో ఒకటైన లైఫ్‌టచ్‌ను 2018లో ఆన్‌లైన్ ఫొటో ప్రింట్ల సంస్థ షటర్‌ఫ్లై 82.5 కోట్ల డాలర్లకు కొన్నది. నా మాటలు ఆ సంస్థ గురించి కావు, వ్యాపారం పరిమాణం చెప్పడానికే దాన్ని ప్రస్తావించాను. ఇలాంటి కాంట్రాక్టుల్లో అమ్మకాల్లోంచి కొంత శాతం స్కూలుకు కమీషన్‌గా తిరిగి రావడం, లేదా గుర్తింపు కార్డులు, సిబ్బంది ఫొటోలు ఉచితంగా చేసిపెట్టడం దేశంలో చాలాచోట్ల ఉన్నదే. ఆ డబ్బుతో ఇయర్‌బుక్ తరగతికి కెమెరాలు కొంటే సంతోషమే. కానీ ఆ కమీషన్ స్టూడియో జేబులోంచి రాదు, నేను కట్టే 180 డాలర్లలోంచి వస్తుంది. మీరు బడి కోసం చందా అడగండి, చాలామందిమి సంతోషంగా ఇస్తాం. ఫొటో ధరలో కలిపి వసూలు చేసేటప్పుడు మాత్రం అందులో బడి వాటా ఎంతో చెప్పాలి.

చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదని నాకు తెలుసు. వాణిజ్య మోసాలను అరికట్టే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 మే 12 నుంచి అమలు చేస్తున్న దాపరికపు రుసుముల నిబంధన ప్రత్యక్ష కార్యక్రమాల టికెట్లకు, హోటల్ వంటి స్వల్పకాలిక బసలకు మాత్రమే వర్తిస్తుంది. ప్రకటించిన ధరలోనే తప్పనిసరి రుసుములన్నీ కలపాలనే చట్టం 2024 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో ఉంది, అది టెక్సస్‌కు రాదు. అయితే కాంట్రాక్టు రాసేది మీరు. చట్టంలో లేని షరతును కాంట్రాక్టులో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కాబట్టి నా విన్నపం ఇది. ఇయర్‌బుక్ ఫొటోను ప్యాకేజీల అమ్మకం నుంచి విడదీయండి: ఆ ఒక్క ఫొటో తీయడానికి రుసుము ఉండకూడదు, ఏమీ కొనక్కర్లేదన్న మాట కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. కార్డుతోపాటే, సెషన్ తేదీ ఎంచుకోకముందే, అదనపు దుస్తులు, మొటిమలు తుడవడం, ఆలస్య రుసుము, పన్నుతో సహా పూర్తి ధరల పట్టిక రావాలి. ఇయర్‌బుక్‌లో పడిన ఆ ఒక్క ఫొటో డిజిటల్ ఫైలును, ప్రింటు వేసుకునే అనుమతితో, ప్యాకేజీతో పని లేకుండా విడిగా అమ్మాలి. బయటి ఫొటోగ్రాఫర్ తీసినదైనా, మీరు చెప్పిన కొలతలకు, నేపథ్యపు రంగుకు సరిపోతే ఇయర్‌బుక్‌లోకి తీసుకోండి. పేజీ అంతా ఒకే తీరుగా ఉండాలన్న ఇయర్‌బుక్ టీచర్ల ఆందోళన న్యాయమైనదే, దానికి ఆ కొలతలు చాలు. ఈ చివరి మాటలో నాకు స్వలాభం ఉందని ఎవరైనా అనుకుంటే, దాన్ని పక్కన పెట్టి మిగతావి చేయండి.

మరో చిన్న విషయం. మా చిరునామాలు స్టూడియోకు చేరడం 1974 నాటి విద్యార్థి రికార్డుల చట్టంలోని పేరు, చిరునామా వంటివి బడి బయటివారికి ఇవ్వవచ్చనే ‘డైరెక్టరీ సమాచారం’ వెసులుబాటు కింద జరిగి ఉంటే, దాన్ని ఇవ్వవద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఆగస్టులో నింపే ఆన్‌లైన్ ఫారాల గుట్టలో ఆ గడి ఎక్కడుందో నాకు వెతకగా వెతకగా దొరికింది. దాన్ని కాస్త పైకి తీసుకురండి.

ప్రస్తుత కాంట్రాక్టు ప్రతి కోసం, కమీషన్ వివరాల కోసం టెక్సస్ ప్రజా సమాచార చట్టం కింద నిన్ననే మీ కార్యాలయానికి దరఖాస్తు పంపాను. పది పనిదినాల్లోపు పత్రాలు ఇవ్వాలి, లేదా ఎప్పటికి ఇస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. అందిన కాంట్రాక్టును ఇక్కడే తెలుగు వివరణతో ప్రచురిస్తాను. వచ్చే వేసవి కార్డులు అచ్చుకు వెళ్లేలోగా పైన కోరిన వాటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి ఒప్పుకోరో, ఎందుకో, ట్రస్టీల బోర్డు సమావేశంలో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
పన్నెండో తరగతి విద్యార్థిని తండ్రి