డబ్బా మీద డబుల్ కన్వర్షన్, లోపల సింగిల్: ఒక ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ పోర్టబుల్ షార్ట్‌వేవ్ రేడియో వెనక్కి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వడం గురించి.

అయ్యా,

మీ డిజిటల్ రేడియోను పోయిన నెల ఆన్‌లైన్‌లో కొన్నాను. బిల్లు జతపరుస్తున్నాను. ఇందులో సగం ధరకే వచ్చే సెట్లు బజారులో బోలెడున్నాయి. వాటిని కాదని మీది తీసుకున్నది డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘డబుల్ కన్వర్షన్’ (అంటే స్టేషన్ సిగ్నల్ ఫ్రీక్వెన్సీని సెట్టు లోపల ఒకసారి కాక రెండు దశల్లో మార్చడం) అని వేశారు కాబట్టే. చవక రేడియో కొనేవాళ్లు చాలామంది టార్చిలైటు ఉందా, పెన్‌డ్రైవ్ పడుతుందా అని చూస్తారు. షార్ట్‌వేవ్ వినేవాడు ముందు చూసేది ఈ మాటే.

రాత్రిపూట 10000 కిలోహెర్ట్జ్ మీద చైనాలో సరైన సమయం తెలిపే బీపీఎం స్టేషన్ టైమ్ సిగ్నల్ మా తెనాలిలో బాగానే అందుతుంది. సెకనుకో టిక్కు, వేరేదని పొరబడే అవకాశమే లేదు. మీ రేడియోలో అదే టిక్కు 9090 మీద కూడా వినిపిస్తోంది. తేడా సరిగ్గా 910, అంటే 455కి రెట్టింపు. 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ (సిగ్నల్‌ను సెట్టు లోపల మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ) ఒక్కటే ఉన్న సింగిల్ కన్వర్షన్ సెట్లలో, ఐఎఫ్‌కు రెట్టింపు దూరంలో వచ్చే ఇమేజ్ ఇది, అంటే స్టేషన్ తనది కాని చోట కూడా వినిపించే దొంగ సిగ్నల్. దీన్ని ఆపడానికే కదా డబుల్ కన్వర్షన్‌లో మొదటి ఐఎఫ్‌ను చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో పెట్టేది! నా పాత సెట్టు పక్కనే పెట్టి చూశాను, దాంట్లో 9090 దగ్గర ఏమీ లేదు. రెండూ కలిపి తీసిన వీడియో పంపుతున్నాను.

మీడియం వేవ్ సంగతి ఇంకా చిరాకు. మన దేశంలో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, అమెరికాలో 10. మార్చుకోవచ్చని మాన్యువల్లో రాశారు గానీ ఆ బటన్ ఎంతసేపు నొక్కిపట్టినా సెట్టు 10 వదలడం లేదు. ఆకాశవాణి విజయవాడ ఉండేది 837లో, మీ రేడియో 830 నుంచి 840కి గెంతుతుంది. 840లో పెడితే న్యూస్‌రీడర్ జలుబు చేసి చదువుతున్నట్టుంటుంది. మా నాన్నగారికి పొద్దున్నే ప్రాంతీయ వార్తలు వినందే కాఫీ దిగదు.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఏంటెన్నా పూర్తిగా లాగి కిటికీ దగ్గర పెట్టమన్నారు. మీడియం వేవ్‌కు పనిచేసేది లోపల తీగ చుట్టి ఉండే ఫెర్రైట్ రాడ్ అండీ, ఆ బయటి ఏంటెన్నా కాదు. మళ్లీ చేస్తే “ఇవన్నీ ఇప్పుడు యాప్‌లో వస్తున్నాయి కదా సార్” అన్నారు. మరి రేడియోలు అమ్మడం దేనికి?

రిపేరు వద్దు, ఇంకో పీసూ వద్దు. సింగిల్‌ను డబుల్ చేసే రిపేరు ఎక్కడా లేదు. సెట్టు వెనక్కి తీసుకుని, కొరియర్ ఖర్చుతో సహా డబ్బు మొత్తం ఇవ్వండి. డబ్బా మీద, వెబ్‌సైట్‌లో ఆ మాట తీసేయండి. సింగిల్ కన్వర్షన్ అని ఉన్నదున్నట్టు రాసి ధర తగ్గిస్తే కొనేవాళ్లు కొంటారు, అందులో తప్పేం లేదు.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
తెనాలి.